పిస్టన్ మీది అంకె

హైదరాబాదులో సాధారణంగా ప్రతి ఏడూ జనవరి 1న నుమాయిష్ మొదలవుతుంది. ఇది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టింది. ఆ తోటను అప్పుడు బాగే ఆమ్ అనేవారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. గాజులు, దుప్పట్లు, పచ్చళ్ల జాడీలు చూసుకుంటూ ఆడవాళ్లు దుకాణాల వెంట నడుస్తారు. పిల్లలు మాత్రం ఒక చోట ఆగి కదలరు. అదే మౌత్ కా కువా. అంటే మృత్యు బావి.

చెక్కలతో కట్టిన పెద్ద బావి అది. అందులో మోటార్ సైకిల్ గోడ మీద తిరుగుతుంది. కింద పడదు. వేగంగా తిరుగుతోంది కాబట్టి గోడను అంటుకుని ఉంటుంది. వేగం తగ్గితే జారుతుంది. ఇలాంటి బావుల్లో ఎక్కువగా పాత యమహా ఆర్ ఎక్స్ బండ్లే వాడతారు. ఎందుకంటే అవి తేలికైన బండ్లు. పిడి తిప్పగానే బలం వస్తుంది. బురదలో, గుట్టల మీద పందేలు ఆడే పిల్లలు కూడా ఇలాంటి బండ్లనే ఇష్టపడతారు.

ఆ బండి గోడ మీద ఉండగా ఇంజన్ పట్టేసిందనుకోండి. ఏం జరుగుతుంది? వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. రోడ్డు మీద అయినా అంతే. బండి వెనక ఇంటావిడ ఉంటుంది. మధ్యలో పిల్ల ఉంటుంది. చక్రం బిగిస్తే బండి పక్కకు ఈడుస్తుంది. ఆ క్షణంలో క్లచ్ పట్టాలి. క్లచ్ పడితే చక్రానికీ ఇంజన్‌కూ సంబంధం తెగుతుంది. చక్రం మళ్లీ తిరుగుతుంది. ఈ మాట మీ ఇంట్లో బండి నడిపే వాళ్లకు ఈ రోజే చెప్పండి. పాఠం తర్వాత చదువుకోవచ్చు.

ఇంజన్ పట్టేయడం అంటే ఎక్కువసార్లు పిస్టన్ పట్టేయడమే. ఈ పాఠం ఆ పిస్టన్ గురించి.

ఇంజన్ లోపల ఏముంది?

సైకిల్‌కు గాలి కొట్టే పంపు మీరు చూసే ఉంటారు. గొట్టంలో ఒక బిరడా పైకీ కిందికీ ఆడుతుంది. ఇంజన్‌లో ఆ గొట్టాన్ని సిలిండర్ అంటారు. మెకానిక్కులు బ్లాక్ అని కూడా అంటారు. సిలిండర్ అంటే ఇక్కడ వంటింటి గ్యాసు బండ కాదు. పైకీ కిందికీ ఆడే బిరడాయే పిస్టన్. దాని చుట్టూ గాడులుంటాయి. గాడుల్లో సన్నని రింగులుంటాయి. ప్రెషర్ కుక్కర్‌కు రబ్బరు గాస్కెట్ ఏ పని చేస్తుందో, పిస్టన్‌కు ఈ రింగులు ఆ పని చేస్తాయి. లోపలి వత్తిడిని బయటికి పోనివ్వవు.

పెట్రోలు, గాలి కలిసి లోపలికి వస్తాయి. పిస్టన్ పైకి పోయి వాటిని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. మంట పుట్టి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపుతోనే చక్రం తిరుగుతుంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. రెండు కదలికల్లో ఒక మంట. అందుకే దీనిని టూ స్ట్రోక్ ఇంజన్ అంటారు. ఇప్పటి బండ్లు ఎక్కువగా ఫోర్ స్ట్రోక్‌వి. వాటిలో నాలుగు కదలికలకు ఒక మంట. టూ స్ట్రోక్ బండి పొగ ఎక్కువ వదులుతుంది. పొగ నిబంధనలు గట్టిపడ్డాక కొత్త టూ స్ట్రోక్ బండ్లు రావడం ఆగిపోయింది. యమహా ఆర్ ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది. 1996లో తయారీ ఆగింది. అయినా అబిడ్స్ రోడ్ల మీద ఇప్పటికీ దాని చప్పుడు వినిపిస్తుంది. బజాజ్ చేతక్ స్కూటర్ కూడా చాలా కాలం టూ స్ట్రోక్ బండే. చేతక్ పేరుతో 2020 నుంచి కరెంటు బండి వస్తోంది. దానిలో పిస్టనే లేదు!

టూ స్ట్రోక్ ఇంజన్‌లో సిలిండర్ గోడకు కిటికీలుంటాయి. కొన్ని కిటికీల నుంచి పెట్రోలు గాలి వస్తుంది. ఒక పెద్ద కిటికీ నుంచి కాలిన పొగ పోతుంది. ఈ కిటికీలకు పిస్టనే తలుపు. పిస్టన్ తన ఒంటితోనే వాటిని మూస్తుంది, తెరుస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పిస్టన్ కొనేటప్పుడు పనికొస్తుంది.

ఎందుకు పట్టేస్తుంది?

వేడి గిన్నె మీద పెట్టిన మూత ఒక్కోసారి రాదు. వేడికి లోహం సాగుతుంది. చల్లారితే ముడుచుకుంటుంది. పిస్టన్ అల్యూమినియంతో చేసినది. ఈ పాత బండ్లలో సిలిండర్ లోపలి గోడ ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. పైగా మంట తగిలేది పిస్టన్ నెత్తికే. అందుకని పిస్టన్‌కూ గోడకూ మధ్య కొంచెం సందు వదులుతారు. ఎంత? తల వెంట్రుక మందం కంటే ఎక్కువ ఉండదు. ఆ సందులో నూనె పొర ఉంటుంది.

నూనె తగ్గితే ఏమవుతుంది? రాపిడి పెరుగుతుంది. వేడి పెరుగుతుంది. పిస్టన్ ఇంకా సాగుతుంది. సందు పోతుంది. పిస్టన్ గోడకు అతుక్కుంటుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు అడుగున నూనె నిలవ ఉంటుంది. టూ స్ట్రోక్‌కు అట్లా ఉండదు. నూనె పెట్రోలుతో కలిసి లోపలికి పోయి, తన పని చేసి, కాలిపోతుంది. చేతక్ లాంటి స్కూటర్‌లో టూ టీ ఆయిల్‌ను పెట్రోలులోనే కలుపుతారు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. యమహాలో ఆయిల్‌కు వేరే డబ్బా ఉంది. చిన్న పంపు దానిని ఇంజన్‌కు అందిస్తుంది. ఆ డబ్బా ఖాళీ అయితే బండి వెంటనే ఆగదు. కొంత దూరం పోతుంది. తర్వాత పట్టేస్తుంది.

ఒక ఇంటి లెక్క

నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటామె జొన్నరొట్టెలు చేస్తుంది. పప్పు, కూర క్యారియర్లలో సర్దుతుంది. భర్త వాటిని పాత యమహా మీద అబిడ్స్ దుకాణాలకు అందిస్తాడు. ఒక మధ్యాహ్నం మొజంజాహీ మార్కెట్ దగ్గర బండి పట్టేసింది. అంటే ఆ రోజు నుంచి రొట్టెలకు దారి లేదు. ఆటోలో పంపితే మిగిలేది ఏమీ లేదు. బాగు చేయించాలంటే పొదుపు సంఘంలో అప్పు తీయాలి. అప్పు ఆమె పేరు మీదే వస్తుంది. కాబట్టి షెడ్డుకు ఆమె కూడా పోయింది.

"అక్కా, ఇంజన్ జామ్ అయింది. పిస్టన్ కిట్ మార్చాలె. బోర్ కొట్టియ్యాలె," అన్నాడు ఉస్తాద్.

"పాత పిస్టన్ తీసినంక నాకియ్యి అన్నా," అన్నదామె.

"పాత సామానుతోటి ఏం చేస్తవక్కా?"

"దాని మీద అంకె ఉంటదట గద. చదువుత."

ఉస్తాద్ నవ్వాడు. అయినా తీసి ఇచ్చాడు.

పాత పిస్టన్ ఇంటికి తెచ్చుకోవడం మంచి అలవాటు. మొదటి లాభం, కొత్తది నిజంగా వేశారని తెలుస్తుంది. రెండో లాభం అంతకంటే పెద్దది. జరిగిన తప్పు ఏమిటో ఆ ముక్క మీదే కనబడుతుంది.

ఆమె కిరసనాయిలు గుడ్డతో మసి తుడిచింది. పిస్టన్ నెత్తి మీద ఒక బాణం గుర్తు కనిపించింది. పక్కన 0.25 అని ఉంది. పొగ పోయే కిటికీ వైపు నిలువు గీతలు. లోహం చెరిగి పోయి ఉంది.

"మీరు ఆయిల్ డబ్బా ఎప్పుడు నింపిన్రు?" అని భర్తను అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. ఉస్తాద్ డబ్బా మూత తీసి చూశాడు. అడుగంటి ఉంది.

అన్ని పిస్టన్లూ ఒకే మాట చెప్పవు. పొగ కిటికీ వైపు బాగా చెరిగితే నూనె తక్కువో, వేడి ఎక్కువో అనుకోవాలి. ఎందుకంటే ఆ వైపే ఎక్కువ కాలుతుంది. పెట్రోలు గాలి వచ్చే వైపు సన్నని గీతలుండి, మసకగా అరిగితే దుమ్ము పోయిందని అర్థం. గాలి ఫిల్టర్ చిరిగి ఉండవచ్చు. నెత్తి మీద చిల్లు పడితే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందో, నిప్పురవ్వ సమయం తప్పిందో చూడాలి. కారణం సరిచేయకుండా కొత్త పిస్టన్ వేయడం దండగ. అదీ ఇలాగే పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది.

చుక్క తర్వాత అంకెలు

ఇప్పుడు 0.25 అంటే ఏమిటో చూద్దాం. రూపాయికి 100 పైసలు. ఒక మిల్లీమీటరును కూడా అట్లాగే 100 భాగాలు చేశారనుకోండి. 0.25 అంటే అందులో 25 భాగాలు. పావు మిల్లీమీటరు. 0.50 అంటే అర మిల్లీమీటరు. 0.75 అంటే ముప్పావు. 1.00 అంటే నిండు మిల్లీమీటరు.

ఆర్ ఎక్స్ 100 కొత్తగా వచ్చినప్పుడు సిలిండర్ లోపలి వెడల్పు 50 మిల్లీమీటర్లు. చేతక్‌కు 57. ఈ మొదటి సైజు పిస్టన్‌ను స్టాండర్డ్ అంటారు. దాని మీద ఎస్, టి, డి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. గోడ గీతలు పడితే మిషను మీద కొంచెం కోసి నున్నగా చేస్తారు. దానినే బోర్ కొట్టించడం అంటారు. కోస్తే రంధ్రం పెద్దదవుతుంది. అందుకు తగిన పెద్ద పిస్టన్ కావాలి. దానిని ఓవర్ సైజు అంటారు. యమహాకు 50.25, 50.50, 50.75, 51.00 అని నాలుగు మెట్లు. ఆ తర్వాత గోడ పలచబడుతుంది. అప్పుడు లోపల కొత్త స్లీవ్ వేయించాలి. లేదా బ్లాకే మార్చాలి.

షెడ్డుల్లో ఈ సైజులను థౌ లెక్కన పిలుస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 0.25ను పది థౌ అంటారు. 0.50ను ఇరవై, 0.75ను ముప్పై, 1.00ను నలభై అంటారు. ఉస్తాద్ "ఇరవై" అన్నాడంటే డబ్బాపై 0.50 అని ఉండాలి. మాట వేరు, అంకె వేరు. వస్తువు ఒకటే.

ఆమె చదివిన 0.25 ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ బండికి ఇంతకు ముందే ఒకసారి బోర్ అయింది. బండి అమ్మినాయన "ఇంజన్ ముట్టుకోలే" అని చెప్పి అమ్మాడు.

"ఒక్కపారే నలభై వేద్దాం అక్కా. ఇరవై పిస్టన్ ఈడ దొరుకుతలేదు," అన్నాడు ఉస్తాద్.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. నాలుగు మెట్లలో ఒకటి అయిపోయింది. 0.50 వేస్తే ఇంకా రెండు మెట్లు మిగులుతాయి. నేరుగా 1.00కు పోతే ఒక్కటీ మిగలదు. మళ్లీ పట్టేస్తే బ్లాకుకే ఖర్చు. గీతలు పోవడానికి ఎంత కోయాలో అంతే కోయాలి. ఎంత కోయాలన్నది కంటితో చెప్పలేరు. బోర్ మిషను దగ్గర డయల్ గేజ్ ఉంటుంది. దానితో పైన, మధ్యలో, కింద కొలుస్తారు. ఒక్కో చోట రెండు దిక్కులా కొలుస్తారు. గోడ గుండ్రంగా అరగదు. ఒక వైపు ఎక్కువ అరుగుతుంది. అందుకే అన్నిసార్లు కొలవాలి.

బ్లాకును కొలిపించారు. 0.50తో గీతలు పోతాయని తేలింది. ఉస్తాద్ తప్పు మనిషి కాదు. దొరికిన సైజు చెప్పాడు. పాత బండ్ల సామానుతో వచ్చే చిక్కే ఇది. కావలసిన సైజు అన్ని దుకాణాల్లో ఉండదు. ఇంకో నాలుగు దుకాణాలు తిరగాలి.

దుకాణంలో

అబిడ్స్ అనే పేరు కూడా ఒక దుకాణం నుంచే వచ్చింది. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ దుకాణం పెట్టాడు. అది వేరే కథ. బండి సామాను కోసం మొజంజాహీ మార్కెట్ నుంచి జాంబాగ్ దాటి, పుత్లీబౌలి వైపు పోవాలి. ఆ దారిలో బండ్ల సామాను దుకాణాలు వరుసగా ఉంటాయి.

పాత పిస్టన్ చేతిలో పట్టుకునే పోవాలి. సైజు ఒకటైతే చాలదు. కొత్తదాన్ని, పాతదాన్ని పక్కపక్కన నిలబెట్టి చూడాలి. నడుమ పిన్ను దూరే రంధ్రం ఒకే లావు ఉందా? ఆ రంధ్రం నుంచి నెత్తి వరకు ఎత్తు ఒకటేనా? ఎత్తు ఎక్కువైతే పిస్టన్ పైన తగులుతుంది. ఒంటి మీది కిటికీలు అదే చోట ఉన్నాయా? పిస్టనే తలుపు అని ముందే చదివారు కదా. తలుపు కిటికీ తప్పి ఉంటే పెట్రోలు గాలి సరిగా రాదు. రింగు గాడిలో చిన్న మేకు ఉంటుంది. అదీ పాతదాని చోటనే ఉండాలి. లేకపోతే రింగు కొసలు గోడ కిటికీలో చిక్కి విరుగుతాయి.

ఆ తర్వాత డబ్బా చదవాలి. బండి పేరు, సైజు, కంపెనీ పేరు, ధర చూడాలి. డబ్బా మీది సైజు, పిస్టన్ నెత్తి మీది సైజు ఒకటే కావాలి. డబ్బా ఒకటి, లోపలి సరుకు ఒకటి అయ్యే సందర్భాలుంటాయి. మన దేశంలో పిస్టన్లు చేసే పాత కంపెనీలు ఉన్నాయి. చెన్నైలోని ఇండియా పిస్టన్స్ 1949లో మొదలైంది. గోట్జ్ రింగులు, ఉషా పిస్టన్లు కూడా పేరున్నవే. వాటి పేర్లతో నకిలీలూ వస్తాయి. ముద్ర మసకగా ఉంటే, అక్షరం తప్పుగా ఉంటే, అంచులు గరుకుగా ఉంటే తీసుకోకూడదు.

పోత పిస్టన్, ఫోర్జ్‌డ్ పిస్టన్ అని రెండు రకాలు చెబుతారు. లోహాన్ని కరిగించి అచ్చులో పోస్తే పోత పిస్టన్. వేడి ముద్దను బలంగా అదిమి చేస్తే ఫోర్జ్‌డ్. రెండోది గట్టిది. పందేల బండ్లకు వాడతారు. కానీ అది సాధారణంగా వేడికి ఎక్కువ సాగుతుంది. సందు ఎక్కువ వదలాలి. పొద్దున్నే ఇంజన్‌ను వేడెక్కనిచ్చి నడపాలి. రొట్టెల బండికి పోత పిస్టన్ చాలు. పొరుగింటి పిల్లవాడు రేసు పిస్టన్ బాగుంటుందని చెప్పినా వినకండి.

బిల్లు తీసుకోవాలి. బిల్లు మీద సైజు కూడా రాయించాలి. సరుకు చెడ్డదైతే ఆ కాగితమే సాక్ష్యం. దుకాణదారు వినకపోతే వినియోగదారుల సహాయ ఫోను నంబరు 1915. 1986లో వచ్చిన వినియోగదారుల చట్టం స్థానంలో 2019 చట్టం ఉంది. అది 2020లో అమలులోకి వచ్చింది.

అంతకన్నా ముందు ఒక మాట. అప్పు తీసే ముందు బండి కాగితాలు చూడాలి. ఆర్ ఎక్స్ 100లలో చివరిది కూడా 1996 నాటిది. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీని మళ్లీ చేయించాలి. ఆ తర్వాత 5 ఏళ్లకోసారి చేయించాలి. కాగితం లేని బండికి కొత్త పిస్టన్ ఎందుకు?

ముందు పిస్టన్, తర్వాత బోర్

చాలామంది ముందు బోర్ కొట్టించి, తర్వాత పిస్టన్ కొంటారు. అది తలకిందుల పని. జాకెట్టు కుట్టే ముందు కొలతలు తీస్తారు కదా. పిస్టన్‌ను కొలిచి, దానికి తగినట్టు గోడ కోయాలి. 0.50 అని ఉన్న రెండు పిస్టన్లు కూడా వెంట్రుకవాసి తేడాతో ఉండవచ్చు.

పిస్టన్‌ను ఎక్కడ కొలవాలి? నెత్తి దగ్గర కాదు. నెత్తి ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి అక్కడ సన్నగా చేస్తారు. కింది అంచుకు కొంచెం పైన, పిన్ను రంధ్రానికి అడ్డంగా మైక్రోమీటరుతో కొలవాలి. పిస్టన్ 50.46 ఉందనుకోండి. గోడ 50.50 కోశారు. తేడా 0.04. అంటే సుమారు ఒకటిన్నర థౌ. ఏ బండికి ఎంత సందు ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. సందు తక్కువైతే పట్టేస్తుంది. ఎక్కువైతే పిస్టన్ గోడకు కొట్టుకుని టకటకమని చప్పుడు వస్తుంది. మొదటిదే పెద్ద ప్రమాదం.

కోసిన తర్వాత కిటికీల అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని కొంచెం రుద్ది మొద్దు చేయించాలి. లేకపోతే రింగును గీరుతాయి. "కిటికీల కొనలు కొట్టినవా అన్నా?" అని ఒక్క మాట అడగండి.

బిగించే ముందు

ఇప్పుడు ఆడవాళ్లకు బాగా తెలిసిన పని. కడగడం.

బోర్ కొట్టాక గోడలో సన్నని రాతి పొడి మిగులుతుంది. కంటికి కనబడదు. చాలా షెడ్డుల్లో పెట్రోలుతో తుడిచి వదిలేస్తారు. పెట్రోలు జిడ్డును తీస్తుంది. కానీ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. అది ఉంటే కొత్త రింగులను కొన్ని రోజుల్లోనే తినేస్తుంది. దానికి మందు వేడి నీళ్లు, సబ్బు పొడి, బ్రష్షు. మాడిన గిన్నెను తోమినట్టు తోమాలి. నీళ్లు మార్చి మళ్లీ తోమాలి. తర్వాత తెల్లని గుడ్డకు నూనె రాసి గోడ తుడవాలి. గుడ్డ నల్లబడితే ఇంకా పొడి ఉన్నట్టే. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. తడి ఆరగానే నూనె పూయాలి. ఇనుము కదా, ఆలస్యం చేస్తే తుప్పు పడుతుంది. ఆమె బ్లాకును ఇంటికి తెచ్చి తానే కడిగింది. మూడుసార్లు నీళ్లు మార్చింది.

తర్వాత రింగులు. రింగును ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌తో నెట్టి తిన్నగా నిలపాలి. రెండు కొసల మధ్య సందు కొలవాలి. 50 మిల్లీమీటర్ల ఇంజన్‌కు సుమారు 0.20 నుంచి 0.30 ఉండాలి. సందు లేకపోతే వేడికి కొసలు గుద్దుకుని రింగు విరుగుతుంది. రింగు మీద చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటే, అది పై వైపుకు రావాలి. రెండు కొసలూ గాడిలోని మేకుకు అటూ ఇటూ కూర్చోవాలి.

పిస్టన్ కిటికీ అంచుల్లో గరుకు ఉంటే సన్నని ఎమరీ కాగితంతో తేలికగా తీయాలి. నున్నని ఒంటిని మాత్రం రుద్దకూడదు. పిన్ను బిగుతుగా ఉంటే సుత్తితో కొట్టకూడదు. కొడితే కింది కడ్డీ వంగుతుంది. పిస్టన్‌ను వేడి నీళ్లలో ముంచితే రంధ్రం కొంచెం సాగుతుంది. పిన్ను చేత్తోనే దూరుతుంది. వెంటనే నీళ్లు తుడిచి నూనె రాయాలి. పిన్ను రెండు పక్కలా చిన్న తీగ లాకులుంటాయి. పాత లాకులు మళ్లీ వాడకూడదు. అది ఊడితే గోడ మొత్తం చీరుకుపోతుంది. లాకు పెట్టేటప్పుడు ఇంజన్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. లాకు జారి లోపల పడితే ఇంజన్ అంతా విప్పాలి.

చివరగా బాణం. పిస్టన్ నెత్తి మీది బాణం పొగ పోయే వైపుకు, అంటే సైలెన్సర్ గొట్టం వైపుకు ఉండాలి. తిరగేసి పెడితే కిటికీలు తప్పుతాయి. రింగు కొసలు కిటికీలో చిక్కుతాయి. మూత బిగించే ముందు మీరే వంగి చూడండి. దీనికి ఇంగ్లీషు అక్కర్లేదు.

మొదటి 500 కిలోమీటర్లు

కొత్త పిస్టన్, కొత్త గోడ ఒకదానికొకటి అలవాటు పడాలి. ఆయిల్ పంపులో గాలి చిక్కి ఉంటే తీసేయాలి. మొదటిసారి స్టార్టు చేసి కొన్ని నిమిషాలు ఉంచి ఆపాలి. పూర్తిగా చల్లారాలి. అట్లా రెండు మూడుసార్లు చేయాలి. తర్వాత సుమారు 500 కిలోమీటర్ల వరకు పిడి పూర్తిగా తిప్పకూడదు. బరువు ఎక్కువ వేయకూడదు. అందుకే ఆ ఇంట్లో క్యారియర్లు రెండు విడతలుగా పోయాయి. ఆమె గంట ముందు లేచింది. డబ్బా మూత మీద ఎర్ర రంగుతో "ఆయిల్" అని రాసింది. ప్రతి సోమవారం మూత తీసి చూసింది ఆమే.

చదవండి, రాయండి

1. డబ్బా మీద 0.50 అని ఉంది. పిస్టన్ మీద 0.75 అని ఉంది. మీరేం చేస్తారు?

2. గోడ 50.75. పిస్టన్ 50.71. సందు ఎంత?

3. బండి రోజుకు 20 కిలోమీటర్లు నడుస్తుంది. 500 కిలోమీటర్లు ఎన్ని రోజులకు పూర్తవుతాయి?

4. చేతక్ స్కూటర్‌లో 5 లీటర్ల పెట్రోలు పోశారు. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఎంత టూ టీ ఆయిల్ కలపాలి?

5. మీ వీధిలో మెకానిక్ షెడ్డుకు పోయి ఒక పాత పిస్టన్ అడిగి చూడండి. దాని మీద ఉన్న అంకెను, బాణం గుర్తును మీ నోటు పుస్తకంలో వేయండి.

6. షెడ్డుకు ఇవ్వడానికి ఈ చీటీని పూర్తి చేయండి:

బండి పేరు ............
పాత పిస్టన్ సైజు ............
కొత్త పిస్టన్ సైజు ............
పిస్టన్ కిట్ ధర ............
బోర్ కూలి ............
గాస్కెట్లు ............
బిగింపు కూలి ............
మొత్తం ............
ఉస్తాద్ సంతకం ............
మీ సంతకం ............